ఆరక్షరాల చిరునామా

నేను ఏడో తరగతి లెక్కల పుస్తకంలో, పూర్ణ సంఖ్యల పాఠం మొదట్లో, పేజీ మూలన అచ్చయిన క్యూఆర్ కోడ్‌ని. అంగుళం కూడా ఉండను. నా కింద ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉంటాయి. కెమెరా నన్ను చదవలేకపోతే ఆ ఆరూ టైపు చేసినా చాలు, పాఠం వస్తుంది. ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

వంశం చెప్పుకోకుండా ఆత్మకథ మొదలెట్టడం మర్యాద కాదు. 1994లో జపాన్‌లో డెన్సో సంస్థ ఇంజనీరు మసాహిరో హారా మమ్మల్ని పుట్టించాడు, కార్ల విడిభాగాల లెక్క తేల్చడానికి. గీతల బార్‌కోడ్‌లో పట్టే సమాచారం చాలక తలపట్టుకున్న ఆయనకు, గో ఆటలో గళ్ళ మీద పేర్చిన నల్లరాళ్ళూ తెల్లరాళ్ళూ దారి చూపాయట. మూడు మూలల్లో ఉన్న చదరాలు ఎందుకంటే, నన్ను తలకిందులుగా పెట్టినా కెమెరా తికమకపడకూడదని. పేటెంటు చేతిలో ఉన్నా ఆ సంస్థ ఎవరినీ డబ్బు అడగలేదు. అడిగి ఉంటే టీ బడ్డీ మీదా, బడి పుస్తకంలోనూ మేము కనబడేవాళ్ళం కాదు.

నాకు బడి ఉద్యోగం దొరికింది దీక్షా అనే డిజిటల్ పాఠాల వేదికతో. 2017 సెప్టెంబరు 5న, గురుపూజోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి, మన నెల్లూరాయన, వెంకయ్యనాయుడు దాన్ని ప్రారంభించారు. దాని వెనకున్న సాఫ్ట్‌వేర్ పేరు సన్‌బర్డ్. తయారుచేసింది బెంగళూరులోని ఏక్‌స్టెప్ ఫౌండేషన్, అంటే నందన్ నీలేకణి, రోహిణీ నీలేకణి, శంకర్ మారువాడ కలిసి పెట్టిన సంస్థ. ఆంధ్రలో అచ్చయి, కర్నూలు జిల్లాలో ఒక బడి చేరి, ఆ బడి వదిలిన పిల్ల సంచీలో బస్సెక్కి బెంగళూరులోనే ఉన్న బెళ్ళందూరు వచ్చానంటే, ఒక రకంగా పుట్టింటికి వచ్చినట్టే. పుట్టింట్లో మర్యాదలేమీ జరగలేదు, అది వేరే సంగతి.

పిల్ల వాళ్ళ నాయన బేల్దారి. ఆదోని, ఎమ్మిగనూరు వైపు వానలు మొహం చాటేస్తే ఊళ్ళకు ఊళ్ళు సుగ్గికి, అంటే కూలిపనులకు వలస, పోతాయి, అలాగే వీళ్ళూ వచ్చారు. నాయన అవుటర్ రింగు రోడ్డు పక్కన అంతస్తులు లేపుతాడు, అమ్మ ఆ అంతస్తుల్లో వంట చేస్తుంది. కాపురం రేకుల షెడ్డులో. బెళ్ళందూరు చెరువు వైపు నుంచి గాలి మళ్ళితే తలుపు వేసుకోవాలి. 2017లో మంటలు లేచిన చెరువు ఇదే. 2022 సెప్టెంబరు వానలకు సాఫ్ట్‌వేర్ వాళ్ళు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయిన రోడ్డూ ఇదే. అందుకే అమ్మ నా పుస్తకానికి బియ్యం బస్తా లోపలి ప్లాస్టిక్ కవరు తొడిగింది. నన్ను చూసి చీమలు పట్టిన ముగ్గులా ఉందంది. నాకేమీ కోపం రాలేదు.

పిల్ల ఇక్కడ కన్నడ మాధ్యమం బడిలో చేరింది. కన్నడ అక్షరాలు మనవాటికి అక్కచెల్లెళ్ళు కదా, పట్టుమని నెలైనా కాకుండానే గడగడా చదివేసింది. చదవడం వచ్చింది, అర్థం రాలేదు. పంతులమ్మకు మాత్రం పిల్ల బాగానే చదువుతున్నట్టు వినిపించేది. ఇలాంటి పిల్లలు తరగతిలో దొరకరు, పరీక్షలో దొరుకుతారు.

పిల్ల కనిపెట్టిన ఉపాయం ఆ వేదిక కట్టినవాళ్ళకు తట్టిందో లేదో నాకు తెలీదు. దీక్షా యాప్‌లో బోర్డు, మాధ్యమం, తరగతి మనమే ఎంచుకోవచ్చు. సాయంత్రం ఏడింటికి అమ్మ ఫోను ఇంటికి వచ్చాక, మొదట ఆంధ్రప్రదేశ్, తెలుగు అని నొక్కి నా పాఠం వింటుంది. తరవాత కర్ణాటక, కన్నడ అని మార్చి, బడి పుస్తకంలో ఉన్న మా బంధువు ముందు ఫోను పెడుతుంది. అదే లెక్క, రెండో గొంతులో. పోపుల చేతులతో పట్టుకునే ఫోను కనుక కెమెరా అద్దం ఎప్పుడూ జిడ్డే. నా మీదా పసుపు మరక ఉంది. మాలో కొంత భాగం చెడినా మిగతాదాన్నుంచి మొత్తం తేల్చుకునే లెక్క లోపలే రాసిపెట్టారు. గట్టి రకాలైతే ముప్పై శాతం దాకా ఓర్చుకుంటాయి. ఒకటిరెండు సార్లు నావల్ల కాక, కింద ఉన్న ఆరక్షరాలే ఆదుకున్నాయి.

ఋణ సంఖ్యను ఋణ సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య ఎందుకు వస్తుంది? పిల్ల అక్కడ ఆగిపోయింది. వీడియో ఆపింది, వెనక్కి తిప్పింది, మళ్ళీ ఆపింది. చెప్పింది వినబడుతోంది, నమ్మకం కుదరడం లేదు. తరగతి గదిలో పంతుల్ని నాలుగోసారి అడగాలంటే మొహమాటం. వీడియోతో ఆ బాధ లేదు. నాకు తెలిసి మా వల్ల పిల్లలకు జరిగిన అసలు మేలు ఇదే, బొమ్మలూ రంగులూ కాదు.

ఆదివారం పిల్ల అమ్మతో పాటు గ్రీన్ గ్లెన్ లేఅవుట్‌లో ఒక ఫ్లాటుకు పోతుంది. వారానికి సరిపడా వీడియోలు అక్కడి వైఫైతో దింపుకుంటుంది. ఆ ఇంటి అక్కది రాజమండ్రి, ఉద్యోగం సాఫ్ట్‌వేర్. "అక్కా, ఇది ఎందుకట్లా?" అని పిల్ల అడిగింది. అక్క నోరు తెరిచి, మళ్ళీ మూసింది. "రూలే అంత" అని ఒకసారి అని, అన్న మాట తనకే నచ్చక, "నిజం చెప్పాలంటే నాకూ తెలీదే. నువ్వేం అనుకుంటున్నావో చెప్పు" అంది.

ఆ మాటకు నాకో ప్రయోగం గుర్తొచ్చింది. విద్యా పరిశోధకుడు సుగత మిత్ర 1999లో ఢిల్లీ కాల్కాజీలో గోడకు కన్నం పెట్టి కంప్యూటరు బిగించి, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటారన్నారు. ఆ గోడ గురించి అందరూ చెబుతారు. తమిళనాట కాళికుప్పంలో ఆయనే చేసిన ఇంకో ప్రయత్నం గురించి తక్కువమంది చెబుతారు. అక్కడ పిల్లలు జీవశాస్త్రం కొంతవరకు సొంతంగా నేర్చి ఆగిపోతే, ఆ శాస్త్రం తెలియని ఒక అమ్మాయిని వాళ్ళ వెనక నిలబెట్టారు. "అబ్బో, ఇదెలా చేశారు? ఇంకా చూపించండి" అనడమే ఆమె పని. మార్కులు పెరిగాయి. పరికరం ఇచ్చేసి చేతులు దులుపుకునేవాళ్ళు ఆ గోడనే చూస్తారు. నాకు మాత్రం ఆ అమ్మాయే గుర్తుంటుంది.

అక్క ఆమెలాగే చేసింది. పిల్ల నా పేజీ అంచునే పెన్సిలుతో రాయడం మొదలెట్టింది. (−3)×3 అంటే −9. (−3)×2 అంటే −6. (−3)×1 అంటే −3. (−3)×0 అంటే 0. "ఒక్కో మెట్టుకూ మూడు పెరుగుతాంది కదక్కా." తరవాత మెట్టు (−3)×(−1). పెన్సిలు కాసేపు కదల్లేదు. తరవాత 3 అని రాసి, ఫోను అందుకుని, వీడియోలో పంతులు చెప్పిందీ తాను రాసిందీ ఒకటేనా కాదా అని చూసుకుంది. ఆయన్ని పరీక్షించింది అనాలేమో. అక్క మాత్రం, "ఇంజనీరింగ్ అయిపోయాక నాకిప్పుడు తెలిసింది" అని వంటింట్లో అమ్మకు వినబడేలా చెప్పింది. అమ్మ స్టవ్వు తగ్గించి వచ్చి, పేజీ చూసి, "అచ్చుపుస్తకంలో గీతలు గీకినావా?" అని కసిరింది.

ఎనిమిదో తరగతి దగ్గరపడుతోంది. వచ్చే ఏడాదికి తెలుగు పుస్తకం ఎలా అని పిల్ల బెంగ. "యాప్‌లో మొత్తం పుస్తకమే ఉంటుంది కదే, డౌన్‌లోడ్ చేసుకో" అని అక్క సలహా. "ఫోను ఏడింటిదాకా అమ్మకాడే ఉంటాది కదక్కా. బుక్కయితే పొద్దంతా నాకాడే ఉంటాది." అక్క ఇంత చిన్న లెక్క తనకు తట్టనందుకు నవ్వేసింది. ఆ రాత్రే అమ్మ ఊరికి ఫోను చేసింది:

"అక్కా, మీ పాపది ఎనిమిదో తరగతి లెక్కల బుక్కు ఉండాదా, పాతపేపర్లోళ్ళకు ఏసినారా? ఉంటే ఎమ్మిగనూరు బస్సుకు వచ్చేటోళ్ళెవరికన్నా ఇచ్చి పంపు. ఆ ముగ్గులున్న పేజీలు మాత్రం చిరగకుండా చూడు."