ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం

అశోక్‌నగర్‌లో జిరాక్స్ కొట్టు ముందు నిలబడ్డాను. నా ముందు గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్ళు, చేతుల్లో నోట్సు కట్టలు. నా చేతిలో ఒక కథ, దాని వెనక ఒక హామీపత్రం. కొట్టు అబ్బాయి కాగితాలు తిరగేసి, "అంకుల్, ఇది కోర్టులో ఇచ్చేదా? నోటరీ పక్క సందులో ఉంటాడు" అన్నాడు.

అతని తప్పేం లేదు. పత్రికకు కథతోపాటు పంపాల్సిన ఆ హామీపత్రంలో ఇలా ఉంది: ఈ కథ నా స్వంతం. దేనికీ అనువాదం, అనుసరణ, అనుకరణ కాదు. ఏ పత్రికలోనూ, ఫేస్‌బుక్‌లోనూ రాలేదు. వేరెవరి పరిశీలనలోనూ లేదు. మీరు తేల్చేదాకా ఎవరికీ పంపను. బెయిలు మీద బయటికొచ్చేవాడికి కూడా ఇన్ని షరతులుండవు.

అసలిది పెళ్ళిచూపుల వ్యవహారం. కథ పిల్ల, రచయిత పిల్ల తండ్రి. "ఇంకెవరికీ చూపించలేదండీ, మీరు చెప్పేదాకా చూపించం" అని ప్రమాణం చేస్తాడు. వెనకటి మగపెళ్ళివారు బజ్జీలు తిని, కాఫీ తాగి, కనీసం "ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం" అనేవారు. చాలామంది పత్రికలవారు ఆ ముచ్చట కూడా లేకుండా "ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు" అని ముందే అచ్చేస్తారు. వద్దన్న కబురుకయ్యే తపాలా ఖర్చు కూడా ఆడపిల్లవారిదే: స్టాంపులంటించిన సొంత చిరునామా కవరు. ఇప్పుడు ఈమెయిల్‌కి స్టాంపు అక్కర్లేదు. జవాబూ అక్కర్లేదనుకున్నారు.

మనమేం తక్కువ తినలేదు. హామీపత్రం మీద ఇంకో ఉత్తరం పెడతాం. "ఊహ తెలిసిన నాటి నుంచి మీ పత్రికకు వీరాభిమానిని" అంటాం. పత్రిక పుట్టి నాలుగేళ్ళు, మనకు ఊహ తెలిసి యాభై. తర్వాత కథ సారాంశం, దాని సామాజిక ప్రయోజనం, త్యాగరాయ గానసభలో కప్పించుకున్న శాలువాల లెక్క. కథ మూడు పేజీలు, కథకుడు నాలుగు.

ఫాంటు గొడవ సరేసరి. ఒకరికి అనూ ఫాంటులో పేజ్‌మేకర్ ఫైలు కావాలి, ఇంకొకరు యూనికోడ్ తప్ప ముట్టరు. దీన్ని దాన్లోకి మార్చేసరికి వత్తులు ఊడతాయి, గుణింతాలు గుంతల్లో పడతాయి. ఆ తర్వాత అది దేనికీ అనుకరణ కాదని ఎవరైనా నిశ్చింతగా ప్రమాణం చేయవచ్చు.

ఇంతకీ ఈ హామీపత్రం అవసరమా? 1957 కాపీరైటు చట్టం ప్రకారం కథ రాసిన క్షణమే హక్కు రచయితది. కొట్టేసినవాడికి 63వ సెక్షన్ కింద జైలు కూడా ఉంది. కథ దొంగిలించినవాడు సంతకానికి జంకుతాడా? రచయిత పోయాక మరో 60 ఏళ్ళు ఆ హక్కు వారసులకుంటుంది. ఆ గడువులోపు జవాబు రావచ్చని మనవడికి చెప్పి ఉంచాను.

కొట్టు ముందున్న కుర్రాళ్ళే నయం. వాళ్ళకి హాల్‌టికెట్టు నంబరుంటుంది. కీ వస్తుంది, దాని మీద అభ్యంతరం చెప్పుకునే గడువుంటుంది. అన్యాయమనిపిస్తే రోడ్డు మీద కూర్చోవచ్చు. 2024 అక్టోబర్‌లో గ్రూప్-1 వాళ్ళు ఇదే అశోక్‌నగర్‌లో కూర్చుంటే పోలీసులైనా వచ్చి పలకరించారు. కథ పంపినవాణ్ణి పలకరించే నాథుడెవరు?

ఒకే కథ రెండు పత్రికల్లో ఒకే వారం అచ్చయితే సంపాదకుడికి తల కొట్టేసినట్టవుతుంది, నిజమే. అందుకే పిల్లను ఇంకెక్కడా చూపించొద్దంటే సరేనన్నాం. ఎన్నాళ్ళు?

సంపాదక మహాశయులారా, మా హామీపత్రం కిందే మీ సంతకానికీ చోటు పెట్టండి. మూడు ముక్కలు చాలు: కథ అందింది, ఫలానా తేదీలోగా చెబుతాం, వేసుకుంటే ఇంత ఇస్తాం. ఎందుకు నచ్చలేదని నిలదీయం. "ఈ సంబంధం వద్దు" అని ఒక్క ముక్క రాసి పడేయండి. పిల్లను ఇంకో ఇంటికి చూపించుకుంటాం.