పంతులి చెలిమి పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఈ ఆటవెలది రాసినవాడు రెంటచింతల మనిషి. దక్షిణ కొరియాలో డేగు నగరంలోని ఒక బడిలో ఇంగ్లీషు చెబుతుంటాడు. డేగు ఎండలకు పేరుమోసిన ఊరని అక్కడివాళ్ళు హెచ్చరించినప్పుడు నవ్వాపుకోలేకపోయాడని వినికిడి. ఆ దేశ ప్రభుత్వం 1995లో ఎపిక్ అనే పథకం పెట్టి, బడుల్లోకి విదేశీ ఇంగ్లీషు పంతుళ్ళను రప్పించడం మొదలుపెట్టింది. వాళ్ళకిచ్చే ఇ-2 వీసా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా అనే ఏడు దేశాల సొత్తుగా ఉండేది. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక ఒప్పందం పుణ్యమా అని, ఉపాధ్యాయ అర్హత ఉన్న మనవాళ్ళకూ ఒక సందు దొరికింది. కవి ఆ సందులోంచి దూరినవాడు. పగలంతా మాట్లాడి, సాయంత్రం మాట్లాడటానికి మనిషి దొరకని స్థితిలో ఈ పద్యం పుట్టింది.

మూలం

పరుల దేశమందు బడిపంతులైనట్టి
వాడు చెలిమి కోర వలయు నెవరి
మాట కలియు నట్టి తోటివిదేశినో
కూడు పెట్టు నూరివాడి నొక్కొ

ప్రతిపదార్థం

పరుల దేశమందు = ఇతరుల దేశంలో. విమానం దిగిన రోజు వాళ్ళు పరులు. మర్నాటి నుంచి తనే పరుడు.

బడిపంతులైనట్టివాడు = ఇంగ్లీషు చెప్పి జీతం తీసుకునేవాడు. పిల్లలు, వాళ్ళ తల్లులు, వీధి చివర కొట్టువాడు కూడా ‘సొన్‌సెంగ్‌నిమ్’, అంటే పంతులుగారూ, అని పిలిచేవాడు. ఈ విశేషణంతో ముందు ముందు పని ఉంది. పాఠకులు ఇక్కడొక వేలు పెట్టుకుని చదవగలరు.

చెలిమి = స్నేహం. కకావ్‌టాక్‌ యాప్‌లో పేరుండటాన్ని చెలిమి అనరాదని పెద్దల మతం.

కోరవలయున్ = కోరాలి.

ఎవరి = ఎవరిని. ద్వితీయా విభక్తి లోపించింది. పరదేశంలో ఏదో ఒకటి లోపించడం సహజమే.

మాట కలియునట్టి = ఒకే భాష మాట్లాడే. ఒకే ఫిర్యాదు ఉన్న అని అంతరార్థం.

తోటివిదేశినో = తోటి పరదేశినా? కొందరు దీన్ని ‘విదేశిని’ అని స్త్రీలింగంగా పట్టి శృంగారపరంగా వ్యాఖ్యానించారు. కవి పెళ్ళయినవాడు కాబట్టి ఆ అర్థాన్ని మేము ముట్టుకోము.

కూడు పెట్టు = అన్నం పెట్టే. అచ్చు పరం కావడంతో నుగాగమం.

ఊరివాడినొక్కొ = స్థానికుడినా? ‘వాని’ అనక ‘వాడి’ అనడం గ్రాంథికానికి దోషం. పగలంతా పరుల వ్యాకరణం దిద్దినవాడికి రాత్రి తన వ్యాకరణం దిద్దుకునే ఓపిక ఉండదని సమాధానం.

విదేశి పక్షం

తోటివిదేశినే కోరాలని ఒక వర్గం వాదం. ఇందులో బలముంది. సియోల్‌లో ఇతెవాన్, దాన్నానుకుని కొండవాలు మీదున్న హేబాంగ్‌చన్ ఇటువంటి పంతుళ్ళు చేరే పేటలు. ఇతర నగరాల్లోనూ వాళ్ళు కూడే బారొకటి ఉంటుంది. విదేశీయుల గుర్తింపుకార్డు ఎక్కడిస్తారు, ఏ ఆస్పత్రిలో ఇంగ్లీషు తెలిసిన డాక్టరుంటాడు, ఇతెవాన్ మసీదు చుట్టుపక్కల ఏ కొట్లో కందిపప్పు దొరుకుతుంది వంటి జ్ఞానమంతా ఆ బల్లల దగ్గరే పుట్టి, ఆ బల్లల దగ్గరే పంచబడుతుంది.

ఇక దోషాలు. మొదటిది, ఒప్పందం సాధారణంగా ఏడాదికి. స్నేహం ముదిరేలోపు వీడ్కోలు విందు వస్తుంది. వెళ్ళేవాడు తన సామాను ఉన్నవాడికి అంటగడతాడు. కవి రైస్‌కుక్కర్ మీద ఇద్దరు పూర్వమిత్రుల పేర్ల స్టిక్కర్లు ఒకదాని మీద ఒకటి ఇప్పటికీ ఉన్నాయి. రెండోది, కొరియా గురించి ఆ బల్ల దగ్గర వినబడేదంతా కొరియా భాష రానివాళ్ళ నోటి నుంచే. మూడోది కవికి ప్రత్యేకం. ఆ ఏడు దేశాలవాళ్ళలో అతను ఎనిమిదోవాడు. అదే వీసా, అదే సుద్దముక్క. అయినా రెండో గ్లాసు దగ్గర ఎవరో ఒకరు ‘నీ ఇంగ్లీషు భలే ఉందే, ఎక్కడ నేర్చుకున్నావు?’ అని మెచ్చుకుంటారు. పాఠం చెప్పేవాడు ఆ క్షణంలో పరీక్ష రాసేవాడవుతాడు.

ఊరివాడి పక్షం

ఊరివాడినే కోరాలని రెండో వర్గం. వాళ్ళ చేతిలో ఉన్న ఆయుధం ‘కూడు పెట్టు’ అన్న మాట. బడి అయ్యాక ఉపాధ్యాయులంతా కలిసి వెళ్ళే విందును హ్వెసిక్ అంటారు. బల్ల మధ్య పొయ్యి మీద పందిమాంసం చిటపటలాడుతుంటుంది. ఎవరి గ్లాసు వాళ్ళు నింపుకోరాదు. పెద్దవాళ్ళకు రెండు చేతులతో పొయ్యాలి, వాళ్ళ ఎదుట తాగేటప్పుడు మొహం పక్కకు తిప్పుకోవాలి. ఒకటో విడత అయ్యాక రెండో విడత, ఆ పైన పాటల గది. డబ్బు చాలావరకు పెద్దవాడే ఇస్తాడు.

పరిచయం కాగానే వయసు అడుగుతారు. ఈడువాడైతేనే నేస్తం. ఏడాది ఎక్కువైతే అన్న, తక్కువైతే తమ్ముడు. 2023 జూన్ 28 నుంచి పుట్టినరోజు ప్రకారమే వయసు కట్టాలని చట్టం వచ్చింది. లెక్క మారింది గాని అడగడం మానలేదు. దీనికి కెనడావాడు నొచ్చుకుంటాడేమో గాని, బస్సులో ముక్కూమొహం తెలియనివాణ్ణి ‘బాబాయ్, కాస్త జరుగు’ అనే దేశం నుంచి వచ్చినవాడికి ఇందులో వింతేముంది?

ఈ పక్షానికీ దోషముంది. ‘మీతో స్నేహం చేయాలనుంది’ అన్న కుర్రవాడు కాఫీ కొట్టుకు నోటుపుస్తకంతో వస్తాడు. ఉద్యోగ దరఖాస్తుకు టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్ష మార్కులు కావాలి. కుశలప్రశ్నలు రెండు అయ్యాక ప్రెజెంట్ పర్ఫెక్ట్ బయటికి తీస్తాడు. ఇ-2 వీసా మీద ఉన్నవాడు డబ్బు తీసుకుని ప్రైవేటు చెబితే నేరం. కాఫీ తాగి చెబితే దాన్ని స్నేహం అంటారు.

సిద్ధాంతం

రెండు పక్షాలూ మూడు నాలుగు పాదాల దగ్గరే కొట్టుకున్నాయి. అందుకే వీళ్ళు ఇది సందేహాలంకారమని పొరబడ్డారు. జవాబు మొదటి పాదంలోనే ఉంది. పాఠకులు ఇందాక పెట్టుకున్న వేలు ఇప్పుడు తియ్యవచ్చు. ‘ఉద్యోగి’ అనో ‘ప్రవాసి’ అనో అనక ‘బడిపంతులైనట్టివాడు’ అని ఎందుకన్నాడు? ఇది సాభిప్రాయ విశేషణం, కాబట్టి అలంకారం పరికరం. బార్లో బడి సంగతులే, కాఫీ కొట్లో పాఠమే. రెండు చోట్లా పంతులు పంతులుగానే కూర్చున్నాడు. చెప్పడం వృత్తి అయినవాడికి చెలికాడు కావలసింది, ఎవరి దగ్గర తనకు ఏమీ రాదో వాడు.

దీనికి కవి జీవితమే ప్రమాణం. నవంబరులో తోటి పంతులమ్మ అత్తగారింట్లో కిమ్‌జాంగ్‌కు పిలిచారు. చలికాలానికి సరిపడా కిమ్చీ పెట్టుకునే పని అది. 2013లో యునెస్కో జాబితాకెక్కిన గౌరవం దానిది. రాత్రంతా ఉప్పులో ఊరిన క్యాబేజీలు గుట్టగా ఉన్నాయి. కారం, వెల్లుల్లి, అల్లం, ముల్లంగి తురుము, ఊరవేసిన రొయ్యలు కలిపిన ముద్ద వెడల్పాటి బేసిన్‌లో ఎర్రగా మెరుస్తోంది. గులాబీరంగు రబ్బరు తొడుగులు వేసుకుని కవి ఆ కారాన్ని పైపైన పులిమాడు. ఆ ఇంటి అవ్వ అతని మణికట్టు పట్టుకుని, రేకు రేకూ విడదీసి, మొదలు దగ్గర ఎక్కువ, కొస దగ్గర తక్కువ పట్టించి చూపించింది. అయ్యాక ఉడికిన మాంసం ముక్కను పచ్చి కిమ్చీలో చుట్టి నోట్లో పెట్టింది. ఆవకాయ కలిపిన బేసిన్‌లో వేడన్నం వేసి అమ్మమ్మ తలా ఒక ముద్ద పెట్టినట్టే. ఆ ఇంట్లో ఇంగ్లీషు ఎవరికీ అక్కర్లేదు. కవి ఆ పూట ఒకటో తరగతి.

దీంతో ఊరివాడి పక్షమే గెలిచిందనుకోరాదు. నక్‌డోంగ్ నది వెంట సైకిలు బాట ఉంది. ఇంచన్ నుంచి బుసాన్ దాకా సాగే 633 కిలోమీటర్ల దారిలో అదొక భాగం. ఆ గట్టు మీద కూర్చుని ట్యూబుకు పంచరు వెయ్యడం కవికి నేర్పినవాడు దక్షిణాఫ్రికా పంతులు. అతనూ చెలికాడే.

ఆక్షేపం: భాష రానివాడు శిష్యుడెలా అవుతాడు?

సమాధానం: కొరియా లిపి హంగుల్‌కు మూల అక్షరాలు 24. యాభైఆరు అక్షరాలూ, గుణింతాలూ, ఒత్తులూ దాటి వచ్చిన తెలుగువాడికి ఈ సాకు చెల్లదు.

తాత్పర్యం

పరదేశంలో ఇంగ్లీషు చెప్పేవాడు స్నేహితుడి పాస్‌పోర్టు రంగు చూసి ఎంచుకోనక్కర్లేదు. ఎవడి పక్కన కూర్చుంటే తన పంతులరికం పనికిరాదో, తప్పు చేస్తే ఎవడు నవ్వి చెయ్యి పట్టుకుని దిద్దుతాడో వాణ్ణి వెతుక్కోవాలని భావం.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని శుక్రవారం సాయంత్రాల్లో పఠించేవాడికి ఒంటరితనం తగ్గుతుంది. తగ్గకపోతే, వాడు ఇంకా పాఠం చెబుతూనే ఉన్నాడని గ్రహించాలి.