స్ప్రింగు పద్యానికి టీకా తాత్పర్యం

కారు మీద పద్యమా అని ముక్కు విరవకండి. రథాల మీద మన కవులు రాయనిదేముంది? ఇరుసులూ, నొగలూ, చక్రాలూ అన్నీ వర్ణించారు. స్ప్రింగు ఒక్కటే మిగిలిపోయింది. ఇక వ్యాఖ్యానమంటారా, అది మనింటి విద్య. కాళిదాసుకు టీక రాసిన మల్లినాథసూరి మెదకు సీమవాడే. ఈ పద్యకర్త ఎవరో తెలియదు. చదువుతుంటే గ్రీజు వాసన వస్తోంది గనక షెడ్డులో పుట్టిందని నిర్ణయించాం.

స్ప్రింగు బిగియించి కారును జేర్చి నేల,
డ్యాంపరును మరచినవాడు టైరు తేల
రోడ్డు విడనాడి మలుపున లోయఁ జూచు;
మెత్తదనమున్న కాలినే మెచ్చు బాట.

ప్రతిపదార్థం: స్ప్రింగు = బండి బరువు మోసే ఉక్కు చుట్టను; బిగియించి = గట్టిరకంతో మార్చి; కారును = మియాటాను; నేలన్ + చేర్చి = వీలైనంత కిందికి దించి; డ్యాంపరును = స్ప్రింగు ఊపును అణచే నూనె గొట్టాన్ని, అనగా మన మెకానిక్కుల షాకప్సర్‌ను; మరచినవాడు = దానికి డబ్బు మిగల్చనివాడు; టైరు తేలన్ = టైరు పట్టు సడలగా; రోడ్డున్ + విడనాడి = దారి తప్పి; మలుపునన్ = వంపులో; లోయన్ + చూచు = చూడకూడనిది చూస్తాడు; మెత్తదనము + ఉన్న = తగినంత లొంగే గుణం గల; కాలినే = చక్రాన్నే; బాట = రోడ్డు; మెచ్చున్ = ఆదరిస్తుంది.

తాత్పర్యం: స్ప్రింగులు మాత్రమే మార్చి బండి బాగుపడిందనుకునేవాడికి మలుపులో తెలుస్తుంది.

విశేషాలు: మూలంలో లేని మియాటా ఎక్కణ్ణుంచి వచ్చిందంటారేమో. విశేషణం లేకుండా కారు అంటే తమ బండేనని మియాటా గలవారందరి మతం. మజ్దా కంపెనీ 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో దీన్ని తొలిసారి చూపింది. రెండు సీట్లు, మడిచే టాపు, వెనక చక్రాలకు శక్తి, నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షను. మనకు తెలిసిన మజ్దా స్వరాజ్ మజ్దా లారీయే కాబట్టి, ఆ పేరుతో స్పోర్ట్స్ కారంటే కొంత ఊహాశక్తి కావాలి. ‘మలుపున’ అన్నచోట కవి మనసులో ఉన్నది టెన్నెసీ, నార్త్ కరోలైనా సరిహద్దులోని యూఎస్ 129 రోడ్డని మా అభిప్రాయం. అక్కడ 11 మైళ్ళలో 318 వంపులున్నాయి.

‘బిగియించి’ దగ్గర పూర్వపక్షం ఉంది. స్ప్రింగు ఒక్కటే సత్యం, తక్కినదంతా మిథ్య అనే అద్వైతులు కొందరున్నారు. బిగిస్తే మలుపులో బరువు బయటి టైర్ల మీదికి పోదని వారి వాదం. ఇది చెల్లదు. టన్ను బరువున్న బండి, గురుత్వ కేంద్రం నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తున, ఎడమ కుడి చక్రాల నడుమ 140 సెంటీమీటర్లు, పక్కకు తోసే బలం బండి బరువులో 0.8 వంతు అనుకోండి. లోపలి టైర్ల నుంచి బయటి టైర్లకు సుమారు 257 కిలోల భారం మారుతుంది. స్ప్రింగు ఎంత గట్టిదైనా ఈ లెక్క అంతే. తగ్గేది ఒరుగుడు మాత్రమే. దానివల్ల స్టీరింగుకు బండి చురుగ్గా పలుకుతుంది, చక్రం నేలకు సరైన వాలులో నిలుస్తుంది. అది లాభమే, కాదనం. కానీ భారం మొత్తం మారదు; ముందు ఇరుసుకెంత, వెనక ఇరుసుకెంత అనే పంపకం మారుతుంది. ముందు వైపు మరీ బిగిస్తే బండి తిరగనని మొండికేస్తుంది, వెనక బిగిస్తే తోక తిప్పుతుంది. యాంటీ రోల్ బారుతో ఈ పంపకాన్ని సవరించవచ్చు గానీ చెయ్యి తేలిగ్గా ఉండాలి: బిగువు వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది గనక, 20 మిల్లీమీటర్ల గట్టి కడ్డీ తీసి 22ది వేస్తే 46 శాతం పెరిగినట్టు.

‘జేర్చి నేల’: రెండు సెంటీమీటర్లు దించితే పై లెక్కలో ఆదా 11 కిలోలు. దానికి చెల్లించే మూల్యం చక్రం పైకి లేచే చోటు. ఆ చోటు చాలనప్పుడు బండి బంప్ స్టాపు మీద కూర్చుంటుంది, బిగువు ఒక్కసారి ఆకాశానికంటుతుంది, ఆ మూల పట్టు పోతుంది. స్విఫ్ట్ లాంటి మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్ బళ్ళకు మరో చిక్కు: మరీ దించితే కింది చేయి అడ్డం తిరిగి, ఒరిగినప్పుడు టైరు బయటికి వాలుతుంది. ఫోటోలో మాత్రం అందంగా ఉంటుంది.

‘డ్యాంపరును మరచినవాడు’ పద్యానికి ప్రాణం. స్ప్రింగు శక్తిని దాచుకుంటుంది, ఖర్చు చేయలేదు. గతుకులో అణిగినదంతా మళ్ళీ పైకి విసురుతుంది. ఆ శక్తిని సన్నని రంధ్రాలలోంచి నూనెను తోసి వేడిగా మార్చేది డ్యాంపరు. స్ప్రింగు గట్టిపడితే విసురు కూడా పెరుగుతుంది కాబట్టి, దాన్ని తిరుగుదారిలో ఆపే రీబౌండు బలమూ పెరగాలి. పాత డ్యాంపరునే ఉంచితే బండి పెళ్ళిబస్సు వెనక సీటులా ఎగురుతూనే ఉంటుంది. ఎగిరినప్పుడల్లా టైరు మీది భారం తగ్గి, పట్టు తగ్గుతుంది. ‘టైరు తేల’ అన్నది ఇందుకే. మియాటా రూపకర్తలు ఆరాధించిన, 1962లో వచ్చిన లోటస్ ఎలాన్‌కు స్ప్రింగులు మెత్తనివే. దానికి దీటుగా మలుపు తిరిగినవి ఆ రోజుల్లో తక్కువ.

అలంకారం: చక్రాన్ని చెప్పకుండా కాలనటం రూపకాతిశయోక్తి. ఔచిత్యమూ ఉంది. మియాటా గురించి మజ్దా వారి మంత్రం ‘జింబా ఇట్టాయ్’, గుర్రమూ రౌతూ ఒకటేనని. గుర్రానికి కాళ్ళేగా ఉండేది!

ఛందస్సు: తేటగీతి. ‘స్ప్రి’కి ‘జే’తో యతి ఏమిటని ఆక్షేపించేవారు స, జలకూ, ఇ, ఏలకూ ఉన్న మైత్రిని గుర్తు చేసుకోవాలి.

ఫలశ్రుతి: దీన్ని చదివినవారు మొదట మంచి టైర్లు వేయించి, ముప్ఫై ఏళ్ళ బండైతే చీకిన రబ్బరు బుష్షులు మార్పించి, అలైన్‌మెంటు చేయించి, అప్పుడు డ్యాంపర్లూ స్ప్రింగులూ జతగా కొంటారు. ఉత్త స్ప్రింగుల పెట్టె ఇప్పటికే ఇంటికి వచ్చేసి ఉంటే, రసీదు పారేయకండి.