శాలువా ఎవరికి కప్పాలి?

వచ్చే ఉగాది సభ పెద్దలకు నాదో విన్నపం. ఈసారి శాలువా కళాకారుడికి వద్దు. ‘నువ్వు పనికిరావు పో’ అని అతణ్ణి గెంటేసినవాళ్లకి కప్పండి. మన భిలాయిలో ఏ ముఖ్య అతిథి మైకు పట్టుకున్నా ‘ఇనుము కాలితేనే ఉక్కవుతుంది, అవమానాలే కళాకారుణ్ణి తయారుచేస్తాయి’ అంటాడు కదా! మరి తయారుచేసినవాళ్లని గాలికొదిలేసి, తయారైన సరుక్కి దండ వేయడమేం న్యాయం?

మొదటి శాలువా తీజన్ బాయిని వెలేసిన కులపెద్దలకు. మన పక్కనున్న గనియారీ పిల్ల. తాత బ్రిజ్‌లాల్ నోట భారతం విని, ఆ కథల్ని పాడి చెప్పే పండవానీ నేర్చుకుంది. ఆ రోజుల్లో ఆడవాళ్లు కూర్చుని పాడాలి. లేచి, తిరుగుతూ, అభినయిస్తూ పాడే కాపాలిక శైలి మగవాళ్ల సొత్తు. ఈమె లేచి నిలబడింది. పదమూడేళ్లకి చంద్రఖురీలో తొలి ప్రదర్శన, పది రూపాయల పారితోషికం. పాడినందుకు కులం వెలేసింది. గుడిసె వేసుకుని, ఇరుగుపొరుగుని గిన్నెలూ తిండీ అడిగి తెచ్చుకుని బతికింది తప్ప పాట మానలేదు. నెమలీకలు కట్టిన తంబూరా ఆమె చేతిలో ఓ క్షణం భీముడి గద అయ్యేది, రెప్పపాటులో అర్జునుడి విల్లయ్యేది. నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ కంటపడింది. మన ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం వచ్చింది. 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్. ఇంక చూస్కోండి, వెలేసినవాడు భూతద్దం పెట్టి వెతికినా దొరకడు. అందరికీ ఆమె ‘మా ఆడపడుచే’.

సరే, ఉక్కు పోలిక తెచ్చింది మీరే కనక అడుగుతున్నా. దల్లీ రాజ్‌హరా ఖనిజం, నందిని సున్నపురాయి కొలిమిలో పడితే అంతా ఉక్కే వస్తుందా? చిట్టెం ఎంత పోతుందో ఏ షిఫ్టు మేస్త్రీనైనా అడగండి. శ్రీకాకుళం నుంచి వచ్చి, డ్యూటీ దిగి హార్మోనియం ముందు కూర్చుని, నాలుగు సభల వాళ్లు కాదన్నాక దాన్ని అటకెక్కించిన ఫిట్టరు ఏ ఉపన్యాసంలోకీ రాడు. అత్తవారు హరికథ మాన్పించిన కోడలూ రాదు. వాళ్లకి పట్టుదల లేదు అని తేల్చేసి, మనం పులిహోర పొట్లాల వైపు నడుస్తాం.

నిజానికి చిట్టెం బతుకే నయం. సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు టన్నుల లెక్కన పట్టుకుపోతారు. కళాకారుడు పారితోషికం మాటెత్తితే మాత్రం ‘స్టేజీ ఇస్తున్నాం కదండీ, డబ్బులెందుకూ’ అంటారు. చంద్రఖురీ వాళ్లు పల్లెటూరివాళ్లే, పాపం, ఆ తెలివి లేక చిన్నపిల్ల చేతిలో పది రూపాయలు పెట్టేశారు.

ఇంతకీ శాలువాలకి ఆర్డరు ఇచ్చేశారా? ఇవ్వకపోతే ఒకటి తగ్గించండి. పోయినేడాది తబలా ఆయనకి ఆటో డబ్బులు ఇంకా బాకీ.