పేరు గొప్ప, బండి ఆమ్నీ

ప్రైవేటు అంబులెన్సు అంటే లోపల మనిషి పడుకునేంత చోటు, నెత్తిన తిరిగే దీపం, ఒంటినిండా సెల్ నంబరు ఉన్న వాహనం. ఈ మూడింట్లో లేకపోతే గడవనిది సెల్ నంబరు. వీటిలో మారుతి ఆమ్నీది పెద్ద వంశం. కంపెనీ 2019లో తయారీ ఆపేసినా ఆ వంశం అంతరించలేదు. అందులో రోగి పడుకుంటే తోడొచ్చినవాళ్ళు గొంతుక్కూర్చోవాలి. బండి మీద మాత్రం ‘ఐసీయూ ఆన్ వీల్స్’ అని ఉంటుంది. అందులో వీల్స్ వరకు నిజం.

ఏఐఎస్-125 అనే జాతీయ ప్రమాణం అంబులెన్సులను నాలుగు తరగతులు చేసింది. ‘ఎ’ తరగతిది రోగిని మోయదు, సాయం చేసే మనిషిని ముందుగా చేరుస్తుంది. బి రోగిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకుపోతుంది, అంతే. సి ప్రాథమిక ప్రాణరక్షణకు. వెంటిలేటరు, డీఫిబ్రిలేటరు వగైరాలతో ఉండేది డి. వాడుకలో ఉన్నవి రెండే రకాలు: బయట డి, లోపల బి. బి నుంచి డికి పదోన్నతి స్టిక్కర్లు కోసే కొట్లో దొరుకుతుంది, ఒక పూట పని. నిజంగా సి బండి ఉన్నవాడు సి అనే రాసుకుంటాడు. కిరాయి పక్కవాడికి పోతుంది.

పరికరాల్లో చెప్పుకోవలసింది ఆక్సిజన్ సిలిండరు. చిన్న సిలిండరు నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు. మూతమీది గడియారంలో ముల్లు 150 దగ్గర నిలవాలి. ముల్లు 50 దగ్గర వాలి ఉంటే మిగిలింది 500 లీటర్లు. ఆయాసపడే రోగికి నిమిషానికి 10 లీటర్ల చొప్పున పెడితే అది 50 నిమిషాలొస్తుంది. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్)లోని రాబర్ట్‌సన్‌పేట నుంచి బెంగళూరు 100 కిలోమీటర్లు, రెండు గంటల పైమాటే. కోలారు దాటి నరసాపుర ఛాయలకు చేరేసరికి ముల్లు సున్నాకు వస్తుంది, అక్కణ్ణుంచి రోగిని సైరన్ మీదే నడిపించాలి. ఈ లెక్కకు మూడో ఎక్కం చాలు. అయినా బండెక్కే ముందు ఆ ముల్లు చూసినవాళ్ళు అరుదు. కంగారులో అందరూ చూసేది దీపం వెలుగుతోందా లేదా అనే.

సిబ్బందిలో డ్రైవరు ఖాయం. రెండో మనిషిని పారామెడిక్ అంటారు. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం చేసి, ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టును గుర్తింపు పొందిన వృత్తుల్లో చేర్చింది. అంతకుముందు ఆ కొలువు డ్రైవరు బామ్మర్దిది, తరవాతా ఆయనదే. డాక్టరు ఉంటాడా అని అడిగితే వచ్చే జవాబు ఒకటే: ‘ఉంటాడన్నా, దారిలో ఎక్కుతాడు.’

ఇలాంటి బండి రెండు ఇంధనాల మీద నడుస్తుంది, డీజిలు, కమిషను. డీజిలు దూరాన్ని నిర్ణయిస్తే కమిషను దిక్కును నిర్ణయిస్తుంది. దగ్గరి ఆస్పత్రి ఎడమపక్కన ఉన్నా స్టీరింగు కుడికి తిరగడం యంత్రలోపం కాదు. ఛార్జీ రానూ పోనూ కలిపి. రోగి రాకపోయినా బండి తిరిగి రావాలి గదా! కోవిడ్ రోగులకు న్యాయమైన అంబులెన్సు ఛార్జీలు రాష్ట్రాలే నిర్ణయించాలని సుప్రీంకోర్టు 2020 సెప్టెంబరులో చెప్పింది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆస్పత్రి దగ్గర అంబులెన్సులవాళ్ళు అడిగినంత ఇచ్చుకోలేక, బయటి బండిని వాళ్ళు రానివ్వక, ఒక తండ్రి కొడుకు శవాన్ని దాదాపు 90 కిలోమీటర్లు మోటారు సైకిలు మీద తీసుకుపోయాడు. ఈ ఒక్క చోట పరిహాసానికి వీల్లేదు.

ప్రచారానికి ముడిసరుకు ‘గోల్డెన్ అవర్’. గాయపడ్డవాడికి మొదటి గంటే ప్రాణమని ఆ మాటను వ్యాప్తిలోకి తెచ్చింది అమెరికాలో బాల్టిమోరు సర్జన్ ఆర్. ఆడమ్స్ కౌలీ. గోల్డ్ ఫీల్డ్స్‌లో గోల్డు వ్యవహారం 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతతో ముగిసింది. అవర్ మాత్రం ఇంకా అమ్ముడుపోతోంది. అందులో పావుగంట బేరానికి పోతుందని కరపత్రంలో ఉండదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో పుట్టి, 2008లో ‘ఆరోగ్య కవచ’గా కర్ణాటకకొచ్చిన 108 ఉచితం. దానిమీద ప్రైవేటువారి అభియోగం ఆలస్యంగా వస్తుందని. ఆలస్యమైన రోజున అది నిజమే, ఆ రోజున బేరం ఇంకాస్త గట్టిగా సాగుతుంది.

ఇటీవలి సరుకు ‘కమ్యూనిటీ పారామెడిక్’. కెనడాలో నోవా స్కోషియా రాష్ట్రపు లాంగ్, బ్రయర్ దీవుల్లో డాక్టరు లేక, పిలుపుల మధ్య ఖాళీగా ఉండే అంబులెన్సు సిబ్బందే ఇళ్ళకు వెళ్ళి బీపీ చూడటం, కట్లు మార్చడం, మందులు సరిచూడటం మొదలుపెట్టారు. మనిషిని అంబులెన్సు దాకా రానివ్వకపోవడమే ఆ పని. అంటే బాగా చేస్తే కిరాయి పడిపోతుంది. ఇక్కడ దాన్ని అంత ప్రమాదకరంగా దిగుమతి చేసుకోలేదు.

నిజానికి దిగుమతి అవసరమే లేదు. 1952 గనుల చట్టం 21వ సెక్షన్ ప్రకారం గనిలో ప్రథమచికిత్స పెట్టె శిక్షణ పొందిన మనిషి చేతిలో ఉండాల్సి వచ్చేది, అతను పనివేళల్లో ఎప్పుడూ అందుబాటులో ఉండాల్సి వచ్చేది, 150 మందికి మించి పనిచేసే గనికి ప్రథమచికిత్స గది ఉండాల్సి వచ్చేది. నేలకింద దాదాపు మూడు కిలోమీటర్ల లోతులో ఉండిన ఈ హక్కు నేలమీద లేదు. ఛాంపియన్ రీఫ్‌లో గని ఆస్పత్రి ఉండేది. గనులతోపాటే పడుకుంది, 2021లో కోవిడ్ రెండో అలలో స్వచ్ఛంద సేవకులు దుమ్ము దులిపితే కాస్త లేచింది. గనివాళ్ళ లైన్ ఇళ్ళలో మిగిలినవాళ్ళు రాతిధూళి ఊపిరితిత్తుల్లో నింపుకున్న ముసలి కార్మికులు. పిల్లలు తెల్లారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరు పనులకు పోతారు. ఇంటికొచ్చి వేలికి ఆక్సీమీటరు పెట్టి, ఇన్‌హేలరు సరిగ్గా పీల్చడం నేర్పే మనిషి కావలసింది ఇక్కడే.

వచ్చేది శిబిరం. ఆదివారం పొద్దున షామియానా, బీపీ మిషను, కుర్చీలు, ఫొటో. బీపీ 180 ఉందని చెప్పి చేతిలో పెట్టేది మందుచీటీ కాదు, సెల్ నంబరున్న కార్డు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అనే సామెత కేజీఎఫ్‌లో అక్షరాలా నిజం. షామియానా వెనకాలే సయనైడ్ దిబ్బలు కనిపిస్తాయి. మధ్యాహ్నానికి కుర్చీలు లేస్తాయి. ‘మీ ఇంటి ముంగిట ఐసీయూ’ అన్న ఫ్లెక్సీని ఎవరో మడిచి తీసుకుపోతారు. అది లైన్ ఇంటి కప్పు మీద, రాళ్ళు పెట్టి, సెల్ నంబరు ఆకాశం వైపు ఉండేలా పరిచి ఉంటుంది. వానకు బాగానే ఆగుతుంది.