పడవ కాపురం

దుబాయ్ పోయిన మా కరీంనగర్ జిల్లా వాళ్లలో ఎక్కువమందికి దొరికేది బిల్డింగుల పనే. మా మామకు మాత్రం పడవ దొరికింది. ఒక అరబ్బు ధనికుడి విహారనౌక అది. తుడవడం, తాళ్లు కట్టడం, చుట్టాలొస్తే వండిపెట్టడం ఆయన పని. చలికాలం రాగానే దుబాయ్ నుంచి బయలుదేరి షార్జా, అజ్మాన్, రాస్ అల్ ఖైమా మీదుగా తీరం వెంబడి సాగి, ఒమన్‌లోని ముసందం కొండల నడుమ ఖసబ్ దాకా పోయేవాళ్లు. ఎండాకాలం యజమాని చల్లటి దేశాలకు వెళ్లిపోతే, రేవులో కట్టేసిన నౌకకు మామ కాపలా. అంటే ఏడాది పొడుగునా నీళ్ల మీదే కాపురం.

నౌక ముక్కు దగ్గర, కింద ఆయన పడక. లేచి కూర్చుంటే తల పైచెక్కకు తగిలేది. చుట్టూ సముద్రమే అయినా మంచినీళ్లు ట్యాంకులో ఉన్నన్నే. రోజూ తెల్లారగానే ఆ మంచినీళ్లతోనే కడ్డీల మీద పేరుకున్న ఉప్పు కడగాలి, లేకుంటే తుప్పు పడుతుంది. ఆయన స్నానానికి మిగిలేది ఒక్క బకెట్. "పడవకు పోసినన్ని నీళ్లు నేను పోసుకోలే అల్లుడా" అనేవాడు. ఫోన్ చేసినప్పుడల్లా మానేరుల నీళ్లున్నయా అని అడిగేవాడు.

అట్లా కూడబెట్టిన పైసలతో ఊళ్లో స్లాబు ఇల్లు కట్టాడు. పైన ఇంకో అంతస్తు వేద్దామని పిల్లర్ల సలాకలు మనిషెత్తున వదిలిపెట్టించాడు. తుప్పు అంటే ఏందో తెలిసినవాడు కాబట్టి వాటికి సిమెంటు నీళ్లు పూయించాడు. పిల్లల చదువుల కోసం అత్త కరీంనగర్‌లో కిరాయికి ఉండేది. పండుగలకు వచ్చి తాళం తీసి, అలుకు చల్లి పోయేది.

ఆ ఊరు మిడ్ మానేరు కింద పోయింది. మానేరు, మూలవాగు కలిసేచోట మన్వాడ దగ్గర కట్టిన జలాశయమది. వేల ఎకరాలకు నీళ్లిచ్చే ప్రాజెక్టును ఎవరూ కాదనలేరు. మామ కూడా అనలేదు. సర్వేకు వచ్చినవాళ్లు తాళం చూసి, ఇంటి విలువ కట్టి, కుటుంబం పేరు ఎదురుగా 'స్థానికంగా లేరు' అని రాసుకుని పోయారు. ఇంటి పైసలు వచ్చాయి. పునరావాస కాలనీలో ప్లాటు రాలేదు, ప్యాకేజీ రాలేదు. పొట్టకూటికి పోయినవాడి ఊరు, పోయినంత మాత్రాన ఊరు కాకుండా పోతుందా? దుబాయ్ నుంచి ఎన్ని దరఖాస్తులు పెట్టించినా జవాబు ఒకటే.

వీసా అయిపోయి తిరిగొచ్చేసరికి ఊరు లేదు. పడవ పని తప్ప వేరే పని రాదు. జలాశయంలో చేపలు పట్టేవాళ్ల దగ్గర కూలికి కుదిరాడు. పొద్దుగూకంగానే తెప్ప వేసుకుని పోతాడు. రవ్వులకు, బొచ్చెలకు వేసిన వలలు ఎవరూ ఎత్తుకుపోకుండా రాత్రంతా నీళ్ల మీదే ఉండి, తెల్లారినాక ఒడ్డుకు వస్తాడు.

మొన్న ఎండాకాలం ఒక సాయంత్రం నేనూ ఆయన వెంట పోయాను. నీళ్లు బాగా తగ్గాయి. నడుమకు పోయినాక తెడ్డు ఆపి, తాడు విసిరాడు. నీళ్లలోంచి జానెడు పైకి లేచి ఉన్న నాలుగు సలాకలకు తాడు చిక్కింది. రెండు చుట్లు చుట్టి గట్టిగా ముడేశాడు.

"రోజూ ఇక్కడ్నే కడుతవా మామా?"

"మనిల్లే గద అల్లుడా. ఇల్లున్ననాడు ఊళ్లె ఉంటలేవన్నరు. ఇయ్యాల ఊళ్లె పండుకునేది నేనొక్కణ్ణే."

ఆయన దరఖాస్తు ఇప్పటికీ 'స్థానికంగా లేరు' అన్న కారణం మీదే ఆగి ఉంది.