ముక్కల టికెట్టు

హైదరాబాద్ నుంచి లండన్, అక్కడ అమ్మాయి దగ్గర కొన్నాళ్లు. అక్కణ్నుంచి డాలస్, అబ్బాయి దగ్గర కొన్నాళ్లు. మళ్లీ హైదరాబాద్. నోటితో చెబితే ఇంతే. ఇదే కంప్యూటర్‌లో 'మల్టీ సిటీ' అన్న గడిలో పెట్టి నొక్కితే వచ్చిన ధర చూసి, "దిగాక విమానం మనకే ఇచ్చేస్తారా?" అంది మా ఆవిడ.

వారాల తరబడి ఇంట్లో ఇదే రామాయణం. అమ్మాయిది ఒకే టికెట్టు వాదం. "అంతా ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి నాన్నా. ఒక విమానం లేటై రెండోది తప్పిపోతే వాళ్లే ఇంకోదాంట్లో ఎక్కిస్తారు." అబ్బాయిది ముక్కల వాదం. హైదరాబాద్–లండన్ రానూపోనూ ఒకటి, దాని కడుపులో లండన్–డాలస్ రానూపోనూ ఇంకొకటి. పోనీ అన్నీ ఒంటివైపు టికెట్లే కొందామా అంటే, సముద్రాలు దాటించే పెద్ద కంపెనీల్లో ఒంటివైపుది ఒక్కోసారి రానూపోనూ కంటే ఎక్కువ. తిరిగి రానివాడికి జరిమానా అన్నమాట. రానూపోనూ కొని రావడం మానేస్తే పర్లేదట. మొదటి ముక్క ఎక్కకుండా రెండోది ఎక్కుతానంటే మాత్రం మిగతావన్నీ రద్దు. డబ్బు కట్టింది నేను, సీటు నాది, అయినా పెళ్లికి రానివాడికి రిసెప్షన్ భోజనం లేదంటారు.

అబ్బాయి లెక్క చవకే. ఆ చవక ఎక్కడ దాక్కుందా అని వెతికితే, డాలస్ నుంచి వచ్చే విమానం గ్యాట్విక్‌లో దిగుతుంది, హైదరాబాద్ విమానం హీత్రోలో ఎక్కాలి. రెండూ లండనేనట. ఆ లెక్కన లూటన్, స్టాన్‌స్టెడ్ కూడా లండనే. మధ్యలో ఇమిగ్రేషన్ దాటి, మన పెట్టెలు మనమే లాక్కుని, బస్సెక్కి, మళ్లీ చెక్ ఇన్. ఒక టికెట్టు మీద మనిషికి రెండు పెట్టెలు, రెండోదాని మీద ఒక్కటే. మరి ఆ రెండో పెట్టె ఎక్కడుండాలో ఏ సైటూ చెప్పదు.

ఇంతలో వీల్‌చైర్ సంగతి వచ్చింది. మా ఆవిడ అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచి ఎక్కిన మనిషి. మోకాళ్ల పర్వతం దగ్గర నేను కూలబడితే వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఆవిడే, "వీల్‌చైర్లు పెట్టించారా?" అని అడిగింది. అందులోనూ తరగతులున్నాయి. నడవగలరు గానీ ఎక్కువ దూరం కాదంటే డబ్ల్యూసీహెచ్ఆర్. మెట్లు కూడా ఎక్కలేరంటే చివర ఎస్. సీటు దాకా తీసుకెళ్లి కూర్చోబెట్టాలంటే చివర సీ. మనవాళ్లది ఈ మూడింట్లోనూ లేని నాలుగో తరగతి. కాళ్లు బ్రహ్మాండంగా నడుస్తాయి, ఇంగ్లీషే నడవదు. కుర్చీలో కూర్చుంటే ఇక నోరు విప్పే పని లేదు. తోసేవాడికి గేటు తెలుసు, టెర్మినళ్ల మధ్య రైలు తెలుసు, ఏ వరస త్వరగా కదులుతుందో తెలుసు. అమెరికా చట్టం ప్రకారం దీనికి డబ్బు కూడా అడక్కూడదు. అందుకే శంషాబాద్‌లో అమెరికా పిల్లల అమ్మానాన్నల కుర్చీలు బారులు తీరి ఉంటాయి. అవతల దిగి, మనవరాలు కనబడగానే కుర్చీలోంచి లేచి పరుగెత్తే బామ్మల్ని చూస్తే అదేదో మహిమ గల క్షేత్రమనిపిస్తుంది. నవ్వుతాం గానీ, నిజంగా మోకాళ్లు అరిగిన పెద్దాయన అదే వరసలో చివర ఎదురుచూస్తుంటాడు. ఈ మాటే కాస్త ఉపన్యాస ధోరణిలో చెప్పాను. మా ఆవిడ అంతా విని, "నాకెందుకండీ, మీకే. అలిపిరిలో చూశాగా" అంది.

సరే, నాకే అనుకుందాం. ముక్కల టికెట్టులో కుర్చీ కూడా ముక్కలే. ఏ కంపెనీకి ఆ కంపెనీలో విడిగా అడగాలి. గ్యాట్విక్‌లో తోసినవాడు హీత్రో దాకా తోయడు కదా.

ఊళ్లు తేలాక తారీఖులు. అమ్మాయి వాళ్ల పాప నర్సరీకి సెలవులిచ్చే వారం కలిసిరావాలి. అబ్బాయి దగ్గరికి వియ్యపురాలు వస్తున్నారు. ఉన్న అదనపు గది ఒకటే, ఆవిడ దిగేలోపు మేం ఖాళీ చెయ్యాలి. పిల్లలు తప్పేమీ అడగలేదు, తారీఖు లేకుండా టికెట్టు రాదు. అయినా రెండు ఫోన్లలోనూ ముందు అడిగింది మేం ఎప్పుడొస్తామని కాదు, ఎప్పుడు బయల్దేరతామని. మా అమ్మ తెనాలి నుంచి ఎర్రబస్సులో ఓ చేతిసంచీతో మా ఇంటికి దిగేది. ఎప్పుడు వెళ్తావని మేం అడిగిన గుర్తు లేదు. అది మా మంచితనమని చెప్పుకోను. అప్పట్లో తిరుగు తారీఖు నింపే గడి లేదు, అంతే. ఉంటే మేమూ నింపమనేవాళ్లమే.

నిన్న రాత్రి అబ్బాయి మళ్లీ ఫోన్ చేశాడు. వియ్యపురాలు అనుకున్నదానికంటే ముందే వస్తున్నారట. "నాన్నా, పోనీ మీరు ముందు డాలస్ వచ్చేసి, తర్వాత లండన్ వెళ్తే?" అన్నాడు. గడులన్నీ చెరిపి తిరగేసి కొట్టాను. ఊళ్లు అవే, మనుషులం మేమే, ధర మాత్రం వేరే.

"ఏమైనా తగ్గిందా?" అని వంటింట్లోంచి కేక.

"కుర్చీ ఇంకా ఉచితమే" అన్నాను.